భోజాంబ ఆఖరి పాఠం

తూరుపు కొండల మీద కుంకుమ ఆరబోసినట్టు ఆకాశం ఎర్రబారింది. ఆ ఎరుపు పసుపై, పసుపు వెలుగై, పొగకొండ శిఖరం మీది నూటెనిమిది పొయ్యిల మీద ఒక్కసారిగా పరుచుకుంది. ఏ పొయ్యిలో చూసినా చండ్రనిప్పులు పద్మరాగాల్లా మెరుస్తున్నాయి. రాగి అండాలు, ఇత్తడి గంగాళాలు, నిలువెత్తు గుండిగలు బంగారు గుట్టల్లా తళతళలాడుతున్నాయి. నేతిలో చిటపటలాడే జీలకర్ర వాసనా, అప్పుడే దించిన పొంగలి మీది ఆవిరీ కలిసి గాలిలో తేలిపోతూ ఉంటే, కింద లోయలో పోయే బాటసారులు తలెత్తి చూసి గుటకలు మింగుతున్నారు.

వైడూర్యపుర రాజ్యంలో వంట నేర్వాలంటే పొగకొండ ఎక్కవలసిందే. ఆ కొండ మీద గురువు ఒక్కతే, భోజాంబ. డెబ్భై ఏళ్ళు దాటినా వెన్ను వంగని మనిషి. వెనకటి ముట్టడిలో నలభై రోజుల పాటు చేతిలో గుగ్గిళ్ళూ చింతచిగురూ తప్ప మరేమీ లేకుండా కోటలోని పదివేల మందిని బతికించిన చెయ్యి ఆమెది.

ఆనాడు తెడ్డు పండుగ. మూడేళ్ళ చదువు ముగించిన శిష్యులకు భోజాంబ స్వయంగా ఒక తెడ్డూ ఒక పోపుల సంచీ ఇచ్చి కొండ దింపే రోజు. ఆ ఏడు గట్టెక్కినవాళ్ళు ముగ్గురే. మొదటిది పున్నాగి, తూర్పు తీరంలో ఉప్పుమళ్ళు కాచుకుని బతికేవాళ్ళ కూతురు, రివటలాంటి పిల్ల. రెండోవాడు గజపాలుడు. ఏనుగు మావటి కొడుకు, మనిషీ ఏనుగంతే ఉంటాడు. మూడోవాడు సుదత్తుడు. ఊయలలో ఉండగానే తల్లీతండ్రీ పోతే భోజాంబే తెచ్చి పెంచింది.

ముగ్గురూ తలంట్లు పోసుకుని, కొత్త బట్టలు కట్టుకుని ఆమె ముందు నిలబడ్డారు.

"మూడేళ్ళు నేను మాట్లాడాను, మీరు విన్నారు. ఇంకా చెప్పడానికి ఎక్కువేం మిగల్లేదు" అంది భోజాంబ. "మీ వంట అమోఘమని ఎవరైనా అంటే సంతోషించండి. సంతోషించి, వాళ్ళు లేచాక వెళ్ళి విస్తరి చూడండి. నోరు మొహమాటపడుతుంది, విస్తరి పడదు."

గజపాలుడు ఫక్కున నవ్వాడు. భోజాంబ నవ్వలేదు.

"రాజుల వంటిళ్ళలో అడుగుపెట్టబోతున్నారు. అక్కడ కత్తులన్నీ గుమ్మం బయట ఉంటాయి. లోపలికి వచ్చేది విషమే. దానికి అడ్డం పడవలసినది వంటవాడి నాలుక. నువ్వు తినని ముద్ద ఇంకొకడి విస్తట్లో పెట్టావా, నువ్వు వంటవాడివి కావు, హంతకుడివి. ఇది..."

ఆ మాట పూర్తికాలేదు. దిక్కులు పిక్కటిల్లేలా కొమ్ముబూరలు మోగాయి. కొండదారి పొడవునా దుమ్ము లేచింది. చూస్తూ ఉండగానే రెండు వందల గుర్రాలు పాకశాలను చుట్టుముట్టాయి. ముందున్న నల్లగుర్రం మీదినుంచి పులితోలు కప్పుకున్న మనిషి దిగాడు. దండనాథుడు కంఠీరవుడు. అతని చేతిలో చిన్న దంతపు భరిణె ఉంది.

"భోజాంబా! మహామంత్రి కపాలజటులవారి ఆజ్ఞ" అన్నాడతను. "పౌర్ణమి నాడు ఏడు దేశాల రాజులు మన కోటలో విందుకు వస్తున్నారు. నీ శిష్యులు ముగ్గుర్నీ ఇప్పుడే పంపు. వంట వాళ్ళదే. ఉప్పు మాత్రం మాది."

భరిణె మూత తీశాడు. లోపల ఉప్పు. నెమలికంఠం రంగులో మిలమిలలాడుతోంది. పున్నాగి ముందుకు వంగి చూసింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఉప్పులోనే పెరిగిందామె. సముద్రం ఇచ్చిన ఉప్పులో ఆ రంగు ఎన్నడూ చూడలేదు.

భోజాంబ మొహంలో ఏ మార్పూ లేదు. రాజుగారు ఆరునెలలుగా మంచం మీదినుంచి లేవకపోవడం, రాజముద్ర మంత్రగాడైన మంత్రి వేలికి రావడం, కోటలో ఒక్కొక్కరే పలకరిస్తే బొమ్మల్లా తలూపే మనుషులైపోవడం ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి.

"పంపుతాను నాయనా. కాని ఆ ఉప్పు నేను రుచి చూడందే పంపను" అంది.

కంఠీరవుడి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. అంతలోనే ఏదో తోచినట్టు పెదవులు చీల్చి నవ్వాడు. "తినాలని మోజుగా ఉందా ముసలీ? తిను. నాకూ పని తేలికవుతుంది."

"గురువమ్మా, వద్దు!" సుదత్తుడు ముందుకు వచ్చాడు. భోజాంబ కళ్ళతోనే అతన్ని ఆపింది. భరిణెలోంచి చిటికెడు కాదు, గుప్పెడు తీసుకుంది. దీవిస్తున్నట్టు పున్నాగి తలమీద ఆ చెయ్యి పెట్టింది. జుట్టుముడిలోకి ఏవో పలుకులు జారడం పున్నాగికి తెలిసింది. 

"పున్నాగీ, నా పోపులపెట్టె తెచ్చి పక్కన నిలబడు. ముగ్గురూ నా మాట చెవులతో వినండి, నా మొహం కళ్ళతో చూడండి. ఇదే ఆఖరి పాఠం."

చేతిలో మిగిలిన పలుకులు నోట్లో వేసుకుంది.



"మొదట తీపి" అంది భోజాంబ. ఎప్పుడూ పాఠం చెప్పే గొంతే. "ఉప్పులో తీపి తగిలిందంటే ఉమ్మెయ్యండి. నాలుక కొస చల్లబడింది. ఎడమచేతి చిటికెనవేలు మొద్దుబారింది. ఇప్పుడు ఉంగరపువేలు. ఎవరో పిలుస్తున్నారు నన్ను. మా అమ్మ గొంతు. అరవై ఏళ్ళయింది ఆ గొంతు విని. ఏం చెబితే అది చెయ్యాలనిపిస్తోంది. బెల్లం ఇలా ఇయ్యి!"

పున్నాగి బెల్లం అందించింది.

"వద్దు, గొంతు ఇంకా పెద్దదైంది. తీపి దానికి చుట్టం. చింతపండు... లాభం లేదు. మిరియం. ఊహూ. వేపచిగురు... చేదుకీ లొంగలేదు." ఆమె నుదుట చెమట ధారలు కట్టింది.  "ఇంగువ! త్వరగా!"

ఇంగువ నాలుక మీద పడగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆగింది! ఇంగువకి జడిసింది! పోలేదు, గుమ్మం అవతల నిలబడింది. ఇంగువకి ఇంకొకటి తోడు కావాలి పిల్లా. ఆ తోడు..."

ఆమె రుచి చూడడం లేదనీ, పాఠం చెబుతోందనీ అప్పటికి గాని కంఠీరవుడికి అర్థం కాలేదు. "నోరు ముయ్యి!" అని గర్జించి పోపులపెట్టెను కాలితో తన్నాడు. దినుసులన్నీ నేలపాలయ్యాయి.

భోజాంబ పున్నాగి భుజం పట్టుకుంది. మాట ముద్ద ముద్దగా వస్తోంది. "విను. ఇక నేను నేను కాను. మూడేళ్ళలో నా మాట ఎన్నడూ జవదాటలేదు మీరు. ఇకమీదట... నా మాట... వినకండి."

భుజం మీది పట్టు సడలింది. ఆమె మెల్లగా కంఠీరవుడి వైపు తిరిగి చేతులు జోడించింది. ఆ కళ్ళు నీళ్ళు లేని బావుల్లా ఉన్నాయి.

"ఏమి సెలవు, ప్రభూ?"

గజపాలుడి గొంతులోంచి ఏనుగు ఘీంకారం లాంటి ఏడుపు వచ్చింది.

"భేష్!" అన్నాడు కంఠీరవుడు. "వీళ్ళలో అందరికన్నా తెలివైంది ఎవరు?"

"పున్నాగి."

"మాట వింటుందా?"

"వినదు."

"వినేలా చేద్దాం. అదిగో, ఆ మూకుట్లో నూనె కాగుతోంది. వెళ్ళి చెయ్యి పెట్టు."

భోజాంబ నడిచింది. తడబాటు లేదు. నూనె మీద నీలంగా పొగ లేస్తోంది. ఆమె కుడిచెయ్యి చాచింది. ఏ చేతి గోరుముద్దలు తిని పెరిగాడో ఆ చెయ్యి జానెడు దూరంలో ఉండగా సుదత్తుడు కంఠీరవుడి కాళ్ళమీద పడిపోయాడు.

"ఆపండి! వండుతాం! ఏం చెబితే అది వండుతాం! ఆమెని ఆపండి!"

"ఆగు" అన్నాడు కంఠీరవుడు. చెయ్యి గాలిలో ఆగిపోయింది. "మాటలు నేను నమ్మను. ముగ్గురూ తలో చిటికెడు తినండి. అప్పుడు నమ్ముతాను. అవ్వా, ఈ కొండ దిగడానికి దొంగదారులెన్ని?"

"మూడు ప్రభూ. పెద్ద పొగగూటి కింద సొరంగం. ధాన్యపు కొట్టు వెనక మెట్లు. ఊటబావిలో గొలుసు."

కంఠీరవుడు వేలు ఊపాడు. భటులు మూడు వైపులా పరిగెత్తారు.

ఆ మూడు దారులూ పున్నాగి ఎరిగినవే. గురువమ్మ చూపించినవే. గురువమ్మకి తెలిసిన చోటికి పోతే చావే. మరి గురువమ్మ దారి అనుకోని దారి ఏది? చూపు ఉత్తరం వైపు మళ్ళింది. నాలుగు వందల ఏళ్ళుగా నూటెనిమిది పొయ్యిల బూడిద ఎత్తిపోసిన లోయ అది. కొండ అంచునుంచి కింద నది వరకూ నున్నగా, తెల్లగా, ఏటవాలుగా దిగిపోతుంది. కాలు పెట్టినవాడు మెడలోతు కూరుకుపోతాడని భోజాంబ ఎవర్నీ ఆ ఛాయలకి పోనిచ్చేది కాదు.

కాలు పెడితే కదా!

"గజన్నా, గంజి!" అంది పెదవి కదలకుండా.

గజపాలుడికి రెండోమాట అక్కర్లేదు. రెండు చేతులతో గంజి గుండిగను పట్టుకుని ఒక్క ఊపున తోసేశాడు. సలసలలాడే గంజి వరదలా గుర్రాల కాళ్ళ కిందికి పారింది. గుర్రాలు సకిలించి, వెనక కాళ్ళ మీద లేచి, రౌతుల్ని విసిరి పారేసి చెల్లాచెదురయ్యాయి. హాహాకారాలు, ఆవిరి, దుమ్ము. ఎవడు ఎక్కడున్నాడో ఎవడికీ తెలియలేదు.

"సుదత్తా, రా!" అని అరిచింది పున్నాగి.

సుదత్తుడు రాలేదు. భోజాంబ చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు భటులు అప్పటికే అతని దవడలు విప్పుతున్నారు. "పోండి!" అన్నాడు. "ఆమెకి ఆకలేస్తే అడగడం కూడా తెలియదిప్పుడు. నేనుంటాను. పోండి!"

ఆ మాటతో పాటే అతని నోట్లో ఉప్పు పడింది.

అంచున బోర్లించిన పెద్ద ఇత్తడి గంగాళాన్ని గజపాలుడు వెల్లకిలా తిప్పాడు. పండుగకని సిద్ధం చేసి ఉంచగా ఇప్పుడు నేలమీద చెల్లాచెదురుగా పడిన వాటిలోంచి ఒక తెడ్డూ ఒక పోపుల సంచీ లాక్కుని పున్నాగి అందులోకి దూకింది. వెనక బాణాలు జివ్వున దూసుకొస్తున్నాయి. గజపాలుడు గంగాళాన్ని భుజంతో నెట్టి, కదలగానే తానూ ఎక్కేశాడు.

గంగాళం జారింది. ముందు మెల్లగా, ఆపైన వడివడిగా, ఆపైన పిడుగులా. తెల్లటి బూడిద రెండు వైపులా కెరటాల్లా లేచింది. కంటికి ఏమీ కనబడదు. ముక్కులో బూడిద, నోట్లో బూడిద. గంగాళం ఒక రాతిని తాకి బొంగరంలా తిరిగింది. గజపాలుడు కళ్ళు మూసుకుని కులదైవాలందర్నీ వరసగా పిలుస్తున్నాడు. పైన విలుకాళ్ళు బూడిదమబ్బులోకి గుడ్డిగా బాణాలు వేస్తున్నారు. ఒకటి వచ్చి గంగాళానికి ఖంగున తగిలి జారిపోయింది. ఒక్కసారిగా కింద నేల మాయమైంది. గాలిలో తేలారు. మరుక్షణం దభీమని నీళ్ళ మీద పడ్డారు.

క్షీరవాహిని నది వాళ్ళని అందుకుని పడమటికి లాక్కుపోయింది.

గజపాలుడు వంట తెడ్డునే పడవ తెడ్డుగా వేస్తూ గంగాళాన్ని నడిమి పాయలోకి మళ్ళించాడు. రెండు మలుపులు దాటారు. రెండు గట్ల మీదా మొగలిపొదలు పచ్చటి కత్తుల్లా నీళ్ళలోకి వంగి ఉన్నాయి. పున్నాగి జుట్టుముడి విప్పి, అరచేతిలోకి దులిపింది. నాలుగు నెమలికంఠపు పలుకులు.

"గురువమ్మ తీపి చూసింది, పులుపు చూసింది, కారం, చేదు చూసింది" అంది. "ఉప్పు అదే. ఇక మిగిలింది వగరు. ఇంగువకి తోడు వగరే గజన్నా! సంచిలో వగరువి మూడున్నాయి. పోకచెక్క, దానిమ్మతొక్క, కరక్కాయ. ఏదో తేలాలి. పౌర్ణమికి మూడు రోజులే ఉంది. ఏడుగురు రాజుల విస్తళ్ళ దగ్గర నిలబడి మనం వెతుక్కోలేం."

"నేను తింటాను. ఇలా ఇయ్యి."

"నువ్వు తిని, ఆ గొంతు మాట విని లేస్తే నిన్ను ఆపగలిగేవాడు ఈ రాజ్యంలో ఉన్నాడా? నా చేతులు కట్టు. ముందు ఇంగువ, వెంట ఒక్కొక్కటీ. ఒకటి పనిచెయ్యకపోతే ఉమ్మించి రెండోది."

గజపాలుడి మొహం పాలిపోయింది. అయినా తలపాగా విప్పి ఆమె చేతులు కట్టాడు. పున్నాగి ఉప్పు నాలుక మీద వేసుకుంది.

తీపి. చలి. చిటికెనవేలు.

"పున్నాగీ" అని పిలిచింది ఒక గొంతు. భోజాంబ గొంతు! అన్నం పెట్టేటప్పుడు పిలిచే పిలుపు. "ఎక్కడున్నావమ్మా?"

"క్షీరవాహినిలో. రెండో మలుపు దాటాం" అంది పున్నాగి పైకే.

గజపాలుడు అదిరిపడ్డాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నీతో ఎవరున్నారు తల్లీ?"

"గజపాలుడు. వాడు ఉప్పు తినలేదు."

వినకూడదని ఎక్కడో లోపల తెలుస్తూనే ఉంది. కాని ఆ తెలియడం నూతి అడుగున పడిన చెంబులా అందనంత లోతున ఉంది. గజపాలుడు ఆమె దవడ పట్టుకుని ఇంగువా పోకచెక్కా కుక్కాడు. ఆమె అతని వేలు కొరికింది. రక్తం వచ్చింది. "దూకెయ్యి, ఒడ్డుకి రా" అంది గొంతు. ఆమె లేచి నిలబడింది. గంగాళం ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి. గజపాలుడు ఒక చేత్తో నడుము పట్టి కూలేసి, రెండో చేత్తో దానిమ్మతొక్క పెట్టాడు. ఆమె గింజుకుంటూనే ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. కరక్కాయ పళ్ళతో చిట్లగొట్టి, ఇంగువ అద్ది, ఆమె నాలుక కింద పెట్టి, నోరు మూసి పట్టుకున్నాడు.

"నమలవే తల్లీ, నమలవే, నీకు దణ్ణం పెడతాను!"

గాలికి దీపం ఆరినట్టు గొంతు ఆరిపోయింది.

పున్నాగి కళ్ళలోకి చూపు తిరిగి వచ్చింది. అతని వేలి నెత్తురు చూసింది. "కరక్కాయేనా?" అంది.

"కరక్కాయే. కాని పున్నాగీ, నువ్వు మనం ఎక్కడున్నామో చెప్పేశావు."

ఆ మాట అంటూండగానే ఎండ పోయింది. తలెత్తి చూశారు. తాటితోపుల్లాంటి రెక్కలు, రెండు తలలు, నాగలి కొర్రుల్లాంటి గోళ్ళు. గండభేరుండం! ఒక్క ఊపున దిగి గంగాళం అంచుల్ని రెండు కాళ్ళతో పట్టి ఎత్తుకుపోయింది. నది దారంలా సన్నబడింది. అడవి పాచిలా కనిపించింది. గజపాలుడు తెడ్డెత్తి పక్షికాలు మీద కొట్టబోయాడు.

"ఆగు! ఇంత ఎత్తునుంచి పడితే మనం పచ్చడికి కూడా పనికిరాం" అంది పున్నాగి. గబగబా పడమటి దిక్కుకి చూసింది. దూరాన నీలిరాళ్ళు పొదిగిన బురుజులు ఎండలో ధగధగలాడుతున్నాయి. వైడూర్యపురం. "మనం పోవలసిన చోటికే తీసుకుపోతోంది. నాలో ఆ గొంతు ఆరిపోయిన సంగతి దీన్ని పంపిన మంత్రికి తెలియదనుకుంటాను. నేనింకా వాడి దాసిననే అనుకోవాలి. కట్లు విప్పు. కరక్కాయ సగం నువ్వు తీసుకుని, ఇంగువ అద్ది బుగ్గన పెట్టుకో, ఉప్పు తినిపించినా ఆ గొంతు నీ జోలికి రాదు. ఏం జరిగినా నోరు మెదపకు."

కోటలోకెల్లా ఎత్తైన బురుజు మీద గంగాళం దించి, పక్షి రెక్కలు ముడుచుకుని కూర్చుంది. పిట్టగోడ లేని బురుజు అది. అంచుకి అవతల నూరు తాటిచెట్ల లోతున అగడ్త, అందులో దుంగల్లా తేలే మొసళ్ళు. జడలు నేలమీద ఈడుస్తూ, వేలికి రాజముద్ర మెరుస్తూ ఒక మనిషి వాళ్ళకి ఎదురొచ్చాడు. కపాలజటుడు. అతని రెప్పలు ఆడడం లేదు.

పున్నాగి కళ్ళలోని వెలుగంతా లోపలికి లాక్కుంది. చేతులు జోడించింది.

"ఏమి సెలవు, ప్రభూ?"

కపాలజటుడు ఆమె మొహం చాలాసేపు చూశాడు. తరువాత గజపాలుడి వైపు చూశాడు.

"ఉప్పు తిననివాడితో నాకు పనిలేదు" అన్నాడు మెత్తగా. "వాణ్ణి కిందికి తోసెయ్యి."

గజపాలుడు అంచున నిలబడి ఉన్నాడు. బుగ్గన కరక్కాయ నొక్కిపట్టాడు. పున్నాగి అతని వైపు నడిచింది.